ప్రైమర్ మార్చగానే .308లో వేగం చెదిరిపోతోంది: తప్పు ప్రైమర్‌దేనా?

పల్నాటి308 (ఫ్రిస్కో, టెక్సస్)

సభ్యులందరికీ నమస్కారం. గ్రీన్ కార్డు చేతికి వచ్చేదాకా తుపాకీ జోలికి పోకూడదని కూర్చున్నవాణ్ని కనుక ఈ వ్యాపకంలోకి ఆలస్యంగా వచ్చాను. తూటాలు సొంతంగా నింపుకోవడం మొదలుపెట్టింది కూడా సరిగ్గా ప్రైమర్లకు (తూటా అడుగున ఉండి లోపలి పౌడర్‌ను అంటించే చిన్న గిన్నెలకు) కరువు వచ్చిన కాలంలోనే. అంతకుముందు వెయ్యి ప్రైమర్లు 30 డాలర్ల చుట్టుపక్కల దొరికేవని పెద్దలు చెబుతుంటే, వంద డాలర్లు పెట్టినా దొరకని రోజుల్లో నేను ఏది కనిపిస్తే అది కొన్నాను. అందుకే నా అరలో ఇప్పుడు రెండు రకాలు ఉన్నాయి. ఒకటి మ్యాచ్ గ్రేడ్ ప్రైమర్, అంటే పోటీల కోసం చేసిన రకం, అడుగున కొద్దిగా మిగిలింది. రెండోది మామూలు లార్జ్ రైఫిల్ ప్రైమర్, సుమారు ఎనిమిది వందలు ఉన్నాయి. రెండో దాని మీద నింద వేయబోతున్నాను కాబట్టి కంపెనీ పేరు చెప్పను.

రైఫిల్ బోల్ట్ యాక్షన్ .308 వించెస్టర్. కేసులు (తూటా ఇత్తడి తొడుగులు), పౌడర్, గుండు అన్నీ ఒకటే. మార్చింది ప్రైమర్ ఒక్కటే. ఒక్కో రకంతో అయిదేసి తూటాలు నింపి గార్మిన్ రాడార్ క్రోనోగ్రాఫ్ (గుండు వేగం కొలిచే యంత్రం) ముందు కాల్చాను. మొదటి రకంతో వేగం ప్రామాణిక విచలనం (సగటు చుట్టూ వేగం ఎంత చెదిరిందో చెప్పే కొలత) సెకనుకు 7 అడుగులు వస్తే, రెండో రకంతో 15 వచ్చింది. 100 గజాల దగ్గర కాగితం మీద తేడా ఏమీ కనిపించలేదు. కానీ పోయిన నెల 1000 గజాల పోటీలో, ఇంట్లో నింపి ఉన్న తూటాలన్నీ పట్టుకెళ్లి కాల్చినప్పుడు, గాలి దాదాపు లేని పూట కూడా గుళ్లు నిలువునా పైకీ కిందికీ పడ్డాయి. ఆ ఎనిమిది వందల ప్రైమర్లను ఎవరికైనా ఇచ్చేసి మ్యాచ్ గ్రేడ్ కోసం ఎదురుచూడడమే దారా?

గోదారి గురి (ఫీనిక్స్, అరిజోనా)

పల్నాటి గారూ, మీ ప్రశ్నకు జవాబు చెప్పేముందు ఒక హెచ్చరిక. ప్రైమర్ మార్చి పౌడర్ మోతాదు అలాగే ఉంచానన్నారు. ఆ మోతాదు గరిష్ఠానికి దగ్గరగా ఉంటే అది చేయకూడని పని. మిగతావన్నీ ఒకటే అయినా, ప్రైమర్ ఒక్కటి మారితే లోపలి ఒత్తిడి మారుతుంది. .308కి అమెరికా పరిశ్రమ సంస్థ సామీ నిర్ణయించిన గరిష్ఠ సగటు పీడనం చదరపు అంగుళానికి 62,000 పౌండ్లు. ఆ అంచున నిలబడి భాగాలు మార్చడం మంచిది కాదు. ప్రైమర్ మారిందంటే పౌడర్ తయారీదారు పుస్తకం తెరిచి, ప్రారంభ మోతాదుకు వెనక్కి వెళ్లి, మళ్లీ మెట్టు మెట్టుగా పైకి రావాలి.

ఇక విషయానికి వస్తాను. ప్రైమర్ అంటే ఒక లోహపు గిన్నె, దానిలో దెబ్బ తగిలితే భగ్గుమనే కొద్దిపాటి మందు, ఆ మందుకు ఎదురుగా చిన్న దాగలి. ఫైరింగ్ పిన్ సుత్తి అయితే, మనం ఆన్విల్ అనే ఆ మూడు కాళ్ల ముక్క కమ్మరి దాగలి. రెంటి మధ్యా నలిగిన మందు నుంచి వచ్చే మంట, వేడి రేణువులు కేసు అడుగున ఉన్న సన్నటి రంధ్రం గుండా పౌడర్‌లోకి దూసుకుపోతాయి. ఈ మంట ప్రతిసారీ ఒకే తీరున, ఒకే బలంతో వస్తే పౌడర్ ఒకే తీరున అంటుకుంటుంది. వేగం నిలకడలో ప్రైమర్ పాత్ర అంతవరకే.

ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటుంది: మంట ఎంత పెద్దదైతే అంత మంచిదనుకుంటారు. అలా ఏమీ లేదు. పౌడర్‌ను అంటించడానికి చాలినంత ఉండాలి, ఆపైన ఎప్పుడూ అంతే ఉండాలి. .22 హార్నెట్ లాంటి బుడ్డ కేసులో బలమైన ప్రైమర్ పెడితే పౌడర్ సరిగా అంటుకోకముందే గుండు మెడలోంచి కదులుతుందని నమ్మి, ఆ కేసులో చిన్న పిస్టల్ ప్రైమర్ వాడి నిలకడ సాధించేవాళ్లు ఎప్పటినుంచో ఉన్నారు. (ఇది హార్నెట్‌కు చెల్లింది కదా అని ఎక్కువ ఒత్తిడి ఉన్న రైఫిల్‌లో చేయకండి, పిస్టల్ ప్రైమర్ గిన్నె పలుచన, చిల్లు పడుతుంది.)

మ్యాచ్ గ్రేడ్ అన్నంత మాత్రాన లోపల వేరే మందు ఉండాలన్న నియమం లేదు. ఫెడరల్ 210ఎం అయినా, సీసీఐ బీఆర్2 అయినా మీరు ఎక్కువ డబ్బు ఇచ్చేది ప్రధానంగా తయారీలో తీసుకున్న అదనపు జాగ్రత్తకు. మామూలు ప్రైమర్ చెడ్డదని దాని అర్థం కాదు.

లెక్కల మాస్టారు (న్యూజెర్సీ)

గోదారి గారు చెప్పింది నిజం. కానీ అంతకన్నా ముందు అడగవలసిన ప్రశ్న ఒకటి మిగిలిపోయింది: పల్నాటి గారు చూసిన తేడా అసలు తేడాయేనా?

అయిదు గుళ్లతో లెక్కగట్టిన ప్రామాణిక విచలనం ఎంత వదులైనదో చాలామందికి తెలియదు. అయిదు కాల్పుల్లో మీకు 7 వచ్చిందంటే, నూటికి తొంభై అయిదు పాళ్ల నమ్మకంతో చెప్పగలిగింది అసలు విలువ 4కూ 20కీ మధ్య ఎక్కడో ఉందని మాత్రమే. 15 వచ్చిన రకానికి ఆ అవధి 9 నుంచి 43 దాకా పోతుంది. రెండు అవధులూ ఒకదాని మీద ఒకటి ఎంతగా పడుతున్నాయో చూడండి. అయిదేసి కాల్పులతో రెండు ప్రైమర్లను పోల్చినప్పుడు, ఒకదాని విచలనం రెండోదానికి మూడు రెట్లు దాటితే తప్ప ఆ తేడా కేవలం యాదృచ్ఛికం కాదని ఖాయంగా అనలేం. పదేసి కాల్చితే రెండు రెట్ల తేడాను పట్టుకోగలం. ఇరవయ్యేసి కాల్చితే ఒకటిన్నర రెట్లకు కాస్త పైన, ముప్పయ్యేసి కాల్చితే సుమారు 1.45 రెట్ల తేడాను పట్టుకోగలం. మీది రెండు రెట్ల చిల్లర తేడా, అయిదేసి గుళ్లతో వచ్చింది. న్యాయస్థానంలో అయితే మీ ప్రైమర్ నిర్దోషిగా విడుదలై ఇంటికి వెళ్లేది.

ఇంకొకటి. అత్యధిక వేగానికీ అత్యల్ప వేగానికీ ఉన్న తేడాను, అంటే ఈఎస్‌ను, కాల్పుల సంఖ్య చెప్పకుండా పోల్చుకునే అలవాటు మనలో బాగా ఉంది. విచలనం మారకపోయినా కాల్పులు పెరిగేకొద్దీ ఈఎస్ పెరుగుతూనే ఉంటుంది: అయిదు కాల్పులకు సగటున విచలనానికి 2.3 రెట్లు, పదికి 3.1 రెట్లు, ఇరవైకి 3.7 రెట్లు. మూడు గుళ్లు కాల్చి "నా ఈఎస్ 6" అని ఫొటో పెట్టేవాళ్ల విషయం నేను మాట్లాడను.

మూడో సంగతి, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది. వేగాన్ని చెదరగొట్టే కారణాలు ఒకదానితో ఒకటి నేరుగా కూడవు. వాటి వర్గాలు కూడతాయి. పౌడర్ తూకం, కేసు మెడ బిగువు, కేసుల తేడా ఇవన్నీ కలిసి మీకు 9 అడుగుల విచలనం ఇస్తున్నాయనీ, ప్రైమర్ విడిగా 4 ఇస్తోందనీ అనుకుందాం. 81కి 16 కలిపితే 97, దాని వర్గమూలం 9.8. ఎక్కడినుంచో స్వర్గం లాంటి ప్రైమర్ తెచ్చి ఆ 4ను సున్నా చేసినా మీకు మిగిలేది 9. వెయ్యి ప్రైమర్లకు అదనంగా పెట్టిన డబ్బుతో ఒక అడుగు కూడా రాలేదన్నమాట. తక్కెడ మంచిదైతే వచ్చే లాభం అంతకన్నా ఎక్కువ. మీ .308లో పౌడర్ తూకం 0.1 గ్రెయిన్ అటూ ఇటూ అయితేనే వేగం సుమారు 5 అడుగులు మారుతుంది.

పల్నాటి308

మాస్టారూ, చదివాక సిగ్గుగానూ ఉంది, ఊరటగానూ ఉంది. కానీ ఇరవయ్యేసి కాల్చాలంటే నలభై గుళ్లు. .308 గొట్టం కనుక పరవాలేదు గానీ, 6.5 మాగ్నమ్‌లు వాడేవాళ్లకు ఇది గొట్టం ఆయుష్షులో కోత కాదా?

లెక్కల మాస్టారు

కోతే. అందుకే వాళ్లు పోటీలో కాల్చే ప్రతి గుండు వేగాన్నీ రాసిపెట్టుకోవాలి. పరీక్షకంటూ వేరే కాల్చనక్కరలేదు, ఆరు నెలల్లో వందల కొద్దీ అంకెలు చేతికొస్తాయి. మీరు పరీక్ష చేసేటప్పుడు మాత్రం ఒక రకం అన్నీ కాల్చేసి తరువాత రెండోది మొదలుపెట్టకండి. గొట్టం వేడెక్కుతుంది, మసి పడుతుంది, ఆ పాపమంతా రెండో రకం నెత్తిన పడుతుంది. ఒకటి దానితో, ఒకటి దీనితో, మార్చి మార్చి కాల్చండి.

మంచుదేశం (మినెసోటా)

మాస్టారి లెక్కతో నాకు పేచీ లేదు. అయితే ప్రైమర్ పెద్దగా లెక్కలోకి రాదన్న అభిప్రాయం టెక్సస్ ఎండలో నిలబడి ఏర్పరచుకున్నది కాకూడదని నా మనవి. మా ఊళ్లో జనవరిలో కాల్చి చూడండి.

నేను 6.5 క్రీడ్‌మోర్‌కు లపువా కేసులు వాడతాను. ఆ కేసుకు పెద్ద ప్రైమర్ బదులు చిన్న రైఫిల్ ప్రైమర్ గుంట ఉంటుంది, వ్యాసం 0.210 అంగుళాలకు బదులు 0.175. ఫ్లాష్ హోల్ (ప్రైమర్ మంట పౌడర్‌లోకి వెళ్లే రంధ్రం) కూడా మామూలుగా ఉండే 0.080 అంగుళాలు కాదు, 0.059 మాత్రమే. గుంట చిన్నదైతే కేసు అడుగున లోహం ఎక్కువ మిగులుతుంది, ఒత్తిడికి గుంట వదులు కాకుండా ఎక్కువసార్లు నింపుకోవచ్చు. చాలామందికి వేగం నిలకడ కూడా మెరుగవుతుంది. వేసవిలో నాకూ అలాగే ఉండేది.

చలికాలం వచ్చేసరికి కథ మారింది. నేను అప్పుడు వాడుతున్నది బాల్ పౌడర్. ఆ గుండ్రటి గింజల మీద మంటను నెమ్మదింపజేసే పూత ఉంటుంది కనుక, కర్రముక్కల్లాంటి పౌడర్ కన్నా అది అంటుకోవడం కష్టం. చిన్న ప్రైమర్, సన్న రంధ్రం, పూత ఉన్న పౌడర్, పైన సున్నాకు కింద చలి: నాలుగూ కలిసిన రోజున ట్రిగ్గర్ లాగాక ఒక క్షణం ఆలస్యంగా పేలిన తూటా నాకు తగిలింది. టిక్ అన్న శబ్దానికీ పేలుడుకూ మధ్య ఖాళీ చెవికి తెలిసిందంటే ఎంత ఆలస్యమో ఊహించుకోండి. ఆ రోజు నుంచి పేలని తూటా ఉంటే గొట్టాన్ని లక్ష్యం వైపే ఉంచి, అరనిమిషం పైగా కదలకుండా ఆగి, ఆ తరువాతే బోల్ట్ తెరుస్తున్నాను. ఈ ఒక్క అలవాటును ఎవరూ తేలికగా తీసుకోవద్దు.

పరిష్కారం రెండు రకాలుగా దొరికింది. మొదట ప్రారంభ మోతాదు నుంచి మళ్లీ పైకి వస్తూ, బలమైన మంట ఇచ్చే మాగ్నమ్ తరహా చిన్న ప్రైమర్‌కు మారాను, ఆలస్యం పోయింది. తరువాత పౌడరే మార్చి కర్రముక్కల రకానికి వచ్చాను, అప్పుడు మామూలు ప్రైమర్‌తోనే చలిలోనూ నిలకడ వచ్చింది. కాబట్టి "ఏ ప్రైమర్ మంచిది?" అన్న ప్రశ్నను పౌడరూ, కేసూ, వాతావరణమూ చెప్పకుండా అడగడంలో అర్థం లేదు. అది ఏ ఊరికో చెప్పకుండా బస్సు చార్జీ ఎంతని అడిగినట్టు ఉంటుంది.

బెంచి బుచ్చిబాబు (ఒహాయో)

ఇంత చర్చలో ప్రైమర్‌ను గుంటలో ఎలా కూర్చోబెడుతున్నారన్న సంగతి ఎవరూ ఎత్తకపోవడం నాకు ఆశ్చర్యం కలిగించింది. ఏ రకం కొన్నామన్న దానికన్నా ఎలా కూర్చోబెట్టామన్నదే ఎక్కువ తేడా తెస్తుందని బెంచ్‌రెస్ట్ బల్ల ముందు ఇన్నేళ్లు కూర్చున్నాక నాకు కలిగిన అభిప్రాయం.

ఆన్విల్ కాళ్లు గుంట అడుగును గట్టిగా తాకాలి. తాకాక మందు మీద కొద్దిపాటి బిగువు పడాలి. అప్పుడే ఫైరింగ్ పిన్ దెబ్బ మొత్తం మందును నలపడానికి ఖర్చవుతుంది. కాళ్లు అడుగును తాకకపోతే ఆ దెబ్బలో కొంత ప్రైమర్‌ను లోపలికి తోయడానికే పోతుంది, మిగిలిన దానితో మందు ఒకసారి ఒకలా, ఒకసారి ఇంకొకలా అంటుకుంటుంది. మొదటి దెబ్బకు పేలకుండా రెండో దెబ్బకు పేలిందంటే పదిలో తొమ్మిదిసార్లు అక్కడే లోపం ఉంటుంది. సాధారణంగా ప్రైమర్ ముఖం కేసు అడుగు మట్టం కన్నా అంగుళంలో వెయ్యో వంతులు మూడు నుంచి అయిదు లోపలికి ఉండాలి. వేలితో తడిమితే పల్లం తెలియాలి. గడ్డలా తగిలితే ఆ తూటా వాడకూడదు. ఎం1 గారండ్ లాంటి సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లలో ఫైరింగ్ పిన్ స్వేచ్ఛగా కదులుతుంది కాబట్టి, పైకి పొడుచుకొచ్చిన ప్రైమర్ ఉంటే బోల్ట్ మూసుకునేటప్పుడే పేలే ప్రమాదం ఉంది. అక్కడ అది నిలకడ సమస్య కాదు, ప్రాణం సమస్య.

ప్రెస్ మీద ఉన్న పెద్ద లివరుతో కూర్చోబెడితే చేతికి ఏమీ తెలియదు. చేతిలో పట్టుకునే చిన్న ప్రైమింగ్ పరికరంతో అయితే కాళ్లు అడుగును తాకిన క్షణం వేళ్లకు తెలుస్తుంది. ముందుగా గుంటలోని మసి గీకేయండి, లేకపోతే మసి మీద కూర్చున్న ప్రైమర్ దెబ్బ తగలగానే కిందికి దిగుతుంది. అలాగే ఫైరింగ్ పిన్ స్ప్రింగు ఎన్నేళ్లదో చూసుకోండి. సాగిపోయిన స్ప్రింగు, బోల్ట్ లోపల గడ్డకట్టిన పాత గ్రీజు ఎంత మంచి ప్రైమర్‌నైనా చెడ్డదిగా చూపిస్తాయి.

మాస్టారితో ఒక చిన్న విభేదం. క్రోనోగ్రాఫ్ అంకెలే పరమార్థం కాదు. దూరం కాల్చేటప్పుడు గొట్టం ఊగే తీరును బట్టి కాస్త నెమ్మదిగా వెళ్లే గుండు కాస్త ఎత్తుగా బయలుదేరే సందర్భాలుంటాయి; అప్పుడు వేగంలో చెదురు ఉన్నా లక్ష్యం మీద నిలువు తేడా తగ్గుతుంది. మనం బహుమతి తీసుకునేది కాగితం మీద రంధ్రాలకు.

లెక్కల మాస్టారు

బుచ్చిబాబు గారూ, ఒప్పుకుంటాను. కాగితం మీద రంధ్రాలను కూడా అయిదుతో ఆపకుండా లెక్కించమనే నా కోరిక.

భాగ్యనగర్ 22 (హైదరాబాద్)

నేను గచ్చిబౌలి రేంజిలో .22తో 50 మీటర్లు కాల్చేవాణ్ని. మా తూటాలో ప్రైమర్ విడిగా ఉండదు, మందు కేసు అంచులోపలే పరిచి ఉంటుంది కనుక ఏ ప్రైమర్ అన్న ఎంపిక మా చేతిలో లేదు. మాకున్నది లాట్ (ఒకే విడతలో తయారైన సరుకు) ఎంపిక ఒక్కటే. ఒకే కంపెనీ, ఒకే రకం పెట్టె అయినా లాట్ నంబరు మారితే అదే గొట్టంలోంచి గుంపు మారిపోతుంది. అందుకే ఎలీ, లపువా లాంటి సంస్థలు మన రైఫిల్‌ను వాళ్ల పరీక్షా కేంద్రానికి తీసుకెళితే లాట్‌ల వారీగా కాల్చి చూపిస్తాయి. నచ్చిన లాట్ దొరికితే ఏడాదికి సరిపడా కొనేస్తాం. మీ ప్రైమర్లకూ ఇదే వర్తించదా? రకం పేరు చూస్తున్నారు గానీ లాట్ నంబరు చూస్తున్నట్టు లేదు.

గోదారి గురి

వర్తిస్తుంది తమ్ముడూ, మంచి మాట గుర్తుచేశావు. నేను ఎప్పుడూ ఒకే లాట్‌లో అయిదు వేలు తీసుకుంటాను. అయితే ఎన్ని కొన్నా వాటిని వచ్చిన పెట్టెల్లోనే, వచ్చిన అరల్లోనే ఉంచాలి. అన్నీ ఒక సీసాలో పోసి పెట్టడం అంటే సీసాలో బాంబు పెట్టుకోవడమే. ఒకటి పేలితే అన్నీ పేలతాయి. కొన్ని పెట్టెలు వంద ప్రైమర్లకు అంత పెద్దగా ఎందుకుంటాయని విసుక్కునేవాళ్లు ఆ ఖాళీ జాగా అందుకేనని గ్రహించాలి. కళ్లద్దాలు లేకుండా ప్రైమర్ కూర్చోబెట్టవద్దు. పని అయ్యాక చేతులు కడుక్కోండి, ఈనాటి ప్రైమర్ల మందులో ఎక్కువగా సీసం ఉంటుంది.

పల్నాటి308

మూడు వారాల తరువాత తిరిగి రాస్తున్నాను. మీరందరూ చెప్పినవి ఒక్కొక్కటిగా చేశాను.

మొదట పౌడర్‌ను ప్రారంభ మోతాదుకు తగ్గించి రెండో ప్రైమర్‌తో మళ్లీ పైకి వచ్చాను. ఒత్తిడి లక్షణాలేవీ కనిపించలేదు. తరువాత బుచ్చిబాబు గారి మాట విని పాత తూటాల అడుగులు కాలిపరుతో కొలిచాను. ప్రెస్ మీద కూర్చోబెట్టినవాటిలో కొన్ని సరిగ్గా మట్టానికి ఉన్నాయి, కొన్ని వెయ్యిలో ఆరు వంతులు లోపలికి ఉన్నాయి. గుంటల్లో మసి నేను ఏనాడూ తీయలేదు. చేతి పరికరం కొని, గుంటలు శుభ్రం చేసి, ఒక్కో రకంతో ఇరవయ్యేసి నింపి, మాస్టారు చెప్పినట్టు మార్చి మార్చి కాల్చాను.

మ్యాచ్ గ్రేడ్‌తో విచలనం 9.1 వచ్చింది, మామూలు రకంతో 11.4. అంటే అయిదు గుళ్ల మీద నేను మురిసిపోయిన 7 నిజం కాదు, బెంబేలెత్తిన 15 కూడా నిజం కాదు. అయితే ఇంకో తేడా బయటపడింది. మామూలు రకంతో సగటు వేగం 14 అడుగులు ఎక్కువగా ఉంది.

అప్పుడు పోటీ రోజు గుర్తొచ్చింది. ఇంట్లో ఉన్న తూటాలన్నీ ఒకే డబ్బాలో వేసి తీసుకెళ్లాను. మొదటి రకం కొన్ని, రెండో రకం కొన్ని, కలగలుపుగా.

లెక్కల మాస్టారు

అదే జవాబు. విచలనాల నిష్పత్తి 1.25, ఇరవయ్యేసి కాల్పులకు 1.6 దాకా రాకపోతే తేడా ఉందని చెప్పలేం. కానీ సగటులో 14 అడుగుల తేడాకు ప్రామాణిక దోషం (ఆ తేడా అంచనాలో ఉండే అనిశ్చితి) 3.3 మాత్రమే, అంటే అది నాలుగు రెట్లకు పైన. ఆ తేడా ఖాయంగా ఉన్నదే. 1000 గజాల దగ్గర .308 మ్యాచ్ గుండుకు 10 అడుగుల వేగం తేడాకు సుమారు 4 అంగుళాలు ఎత్తు మారుతుంది కనుక, మీ రెండు రకాల గుంపుల కేంద్రాలు అయిదారు అంగుళాలు ఎడంగా పడ్డాయి. ఎఫ్ క్లాస్ (రైఫిల్‌ను ఆసరా మీద ఉంచి దూరం కాల్చే పోటీ) లక్ష్యంలో పది వలయం మొత్తం వ్యాసమే 10 అంగుళాలు. మీరు ఒక గుంపు కాల్చలేదు, ఒకదానిపై ఒకటి రెండు గుంపులు కాల్చారు.

బెంచి బుచ్చిబాబు

ఆ ఎనిమిది వందలు ఎవరికైనా ఇచ్చేస్తానన్నారు కదా, నాకివ్వండి.

పల్నాటి308

క్షమించాలి బుచ్చిబాబు గారూ, అవి ఇక అమ్మకానికి లేవు. రాబోయే పోటీలకన్నీ వాటితోనే నింపుతున్నాను, గురి సున్నా మళ్లీ సరిచేసుకున్నాను. మిగిలిన మ్యాచ్ గ్రేడ్ ప్రైమర్లతో నింపినవాటికి వేరే రంగు డబ్బా పెట్టి, మీద పెద్ద అక్షరాలతో లాట్ నంబరు రాశాను.